వెర్బుల క్లాసులో చెంపదెబ్బలు

మొన్న ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. ఎదురు సీట్లో ఒక తల్లి, స్కూలు డ్రెస్సులో కూతురు. తల్లి చేతిలో ఫోను. అందులో చూసి ఒక్కో మాట అడుగుతోంది, పిల్ల కళ్లు పైకి పెట్టి అప్పజెబుతోంది. "గో" అంటే "గో, వెంట్, గాన్". "బ్రింగ్" అంటే "బ్రింగ్, బ్రాట్, బ్రాట్". "స్వెల్" అనేసరికి పిల్ల ఆగిపోయింది. తల్లి తిట్టలేదు, కొట్టలేదు. ఫోను పిల్ల వైపు తిప్పి, "సూడు, ఇంకోసారి సదువుకో" అంది. పిల్ల చదువుకుంది. అంతే, అయిపోయింది.

నా చెయ్యి మాత్రం నా ముక్కు మీదికి పోయింది. రెండు వేళ్లతో ముక్కు కప్పుకుని కూర్చున్నానని నాకు కాసేపటి దాకా తెలియలేదు. పక్కనున్న ఆవిడ ఏదో వాసన వస్తోందనుకుని తను కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. అది చూసి నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ తల్లి మీద కాదు. ఇంత సులువుగా నేర్చుకోగలిగే చదువును మాకు అట్లా చెప్పినవాళ్ల మీద.

ఇప్పుడు నాచారం అంటే అపార్ట్‌మెంట్లు, గోదాములు, మెయిన్ రోడ్డు మీద కదలని ట్రాఫిక్కు. నా చిన్నప్పుడు సగం పల్లె, సగం ఫ్యాక్టరీ. మా ఇంటి వెనక బర్రెల కొట్టం, కొట్టం వెనక కంపెనీ ప్రహరీగోడ. పొద్దున పేడ వాసన. పగటేళ బిస్కెట్ల కంపెనీ నుంచి కాలిన వెన్న వాసన. పొద్దు వాలే వేళకు మందుల కంపెనీ నుంచి మురిగిన గుడ్ల వాసన. మా నానమ్మకు గడియారం చూడటం రాదు. ముక్కు ఎగబీల్చి, "వెన్న వాసనొచ్చింది, పొల్లలు బువ్వకొస్తరు" అనేది. ఎప్పుడూ తప్పు పోలేదు.

మా పొలం పోయి ఫ్యాక్టరీ అయింది. పొలం ఇచ్చినందుకు మా నాయినకు అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చారు. తాను నాగలి పట్టి తిరిగిన చోటికి కార్లు వస్తుంటే గేటు తెరిచి సలాం కొట్టేవాడు. కార్లలో వచ్చేవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. దాంతో మా నాయినకు ఒక నమ్మకం కుదిరిపోయింది. రోజూ అన్నం ముందు కూర్చుని అదే చెప్పేవాడు.

"ఇంగ్లీషొచ్చినోడు కార్ల కూసోని లోపలికి వోతుండు. రానోడు గేటు తీస్తుండు. మీరు లోపలికి వోవాలె, సమజైందా?"

సమజైందని నేనూ చెల్లే తలలూపేవాళ్లం. నేను చెల్లెకంటే రెండేళ్లు పెద్ద. అయినా ఇద్దరం ఒకే క్లాసు. ఆ రోజుల్లో మా వైపు ఇది మామూలే. చెల్లెను ఎత్తుకు తిప్పడానికి నన్ను బడికి పంపకుండా ఇంట్లో ఉంచారు. అది నడిచి బడికి పోయే ఈడు రాగానే, తోడుంటుందని నన్నూ దాని వెంట పంపారు. ఇద్దరికీ కలిపి ఒకటే జత పుస్తకాలు. అట్లా నాకు చెల్లె చదువుతోనే చదువు మొదలైంది. అది నా చంక దిగాక నేను క్లాసులో దాని పక్కన కూర్చున్నాను.

పొద్దున్నే బర్రెల కింద పేడ తీసేది నేను. పాలచెంబు పట్టుకుని ఇళ్లిళ్లకూ తిరిగేది నేను. ఆ టైంలో చెల్లె అరుగు మీద కాళ్లు ఊపుకుంటూ వెర్బులు బట్టీ పట్టేది. నానమ్మ పక్కన కూర్చుని పొగాకు నములుతూ వినేది.

"ఏందే పొల్లా, ఒక్క పనికి మూడు మాటలా? మనం పోయిన అంటె అయిపోతది. ఆ తెల్లోళ్లకు మస్తు టైమున్నట్టుంది" అనేది.

చెల్లె తెలివైనది. ఆ మాట నేను ఇప్పుడు కూడా కాదనను. ఒకసారి చదివితే దానికి గుర్తుండిపోయేది. నేను పాలు పోసి, పేడ కడుక్కుని, జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం వేసుకుని నములుతూ పరుగెత్తితే బెల్లు కొట్టే ముందు బడికి చేరేదాన్ని. వెర్బులు దారిలో చదువుకుందామంటే పుస్తకం చెల్లె సంచిలో ఉండేది.

బడి అంటే అద్దె ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. బోర్డు మీద మాత్రం ఇంగ్లీష్ మీడియం అని ఇంతింత అక్షరాలు. ఇంగ్లీషు చెప్పే సార్ ఉప్పల్ నుంచి బస్సులో వచ్చేవాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, చాక్‌పీసు దుమ్ము అంటితే వెంటనే తుడుచుకునే వేళ్లు. ఆయనకు తన చేతులంటే మహా ఇష్టం. తల్లిదండ్రులు ఎవరు వచ్చినా ఒకటే మాట చెప్పేవాడు.

"మా స్కూల్ల బెత్తం లేదు. నేను పిల్లల మీద చెయ్యి వెయ్యను."

నిజమే. ఆయన ఒక్కరోజు కూడా ఒక్క పిల్ల మీద చెయ్యి వెయ్యలేదు. మా చేత మమ్మల్ని కొట్టించాడు.

పద్ధతి ఇదీ. అన్నం తిన్నాక వెర్బుల క్లాసు. ఒకరిని లేపి ఒక వెర్బు అడుగుతాడు. మూడు రూపాలూ చెప్పి, దాన్ని వాక్యంలో పెట్టాలి. రాకపోతే అట్లాగే నిలబడాలి. అదే వెర్బు పక్కవాళ్లకు, వాళ్లకూ రాకపోతే ఆ పక్కవాళ్లకు. ఎవరు చెబితే వాళ్లు లేచి, నిలబడ్డ వాళ్లందరి ముక్కు పట్టుకుని చెంప మీద ఒక్కటి ఇవ్వాలి. ముక్కు ఎందుకంటే తల పక్కకు తిప్పుకోకుండా. దెబ్బ తిన్నవాళ్లు బెల్లు కొట్టేదాకా గోడవైపు తిరిగి నిలబడాలి. షెడ్డంతా డబ్బాల్లోని మామిడి తొక్కు పచ్చడి వాసన, పైన రేకుల వేడి, గోడ అవతల బిస్కెట్ల వాసన. మధ్యలో ఫట్ ఫట్ మని చెంపలు.

అందులోనూ మేము కొంటె వేషాలు వేశాం. ముక్కుకు కొబ్బరినూనె రాసుకుని వస్తే పట్టుకున్న వేళ్లు జారిపోయేవి. ఒక పిల్లవాడు ఎప్పుడూ చీమిడి తుడుచుకునేవాడు కాదు. ముక్కు పట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాక, వాడిని గాలిలోనే కొట్టి పోయేవాళ్లు. సార్ కనిపెట్టి జేబురుమాలు తెప్పించాడు. ఇద్దరు పిల్లల చేత వాడి ముక్కు తుడిపించి, అంతదాకా వాడు తప్పించుకున్న దెబ్బలన్నీ ఆ రోజు కలిపి కొట్టించాడు. వాడు ఏడుస్తుంటే మేమంతా నవ్వాం. నవ్వకపోతే సార్ మా వైపు చూస్తాడు.

చెల్లె చేత నేను మొదటిసారి దెబ్బ తిన్న రోజు బాగా గుర్తుంది. నాకు రాలేదు, దానికి వచ్చింది. అది లేచి నా ముందుకు వచ్చి, ముక్కు పట్టుకుని, చెంప మీద మెత్తగా చెయ్యి ఆనించింది. సార్ నవ్వాడు.

"ఏందది? అక్కకు ముద్దు వెడుతున్నవా?"

ఆయన చెయ్యి వెయ్యడు కదా. వెనక బెంచీలో ఉన్న బలమైన పిల్లను పిలిచి, "కొట్టుడంటె ఎట్లనో దీనికి జర సూపియ్యి" అన్నాడు. ఆ పిల్ల చూపించింది. చెల్లె చెంప మీద వేళ్లు తేలాయి. ఆ తర్వాత అది ఏడుస్తూనే నన్ను కొట్టింది, ఈసారి గట్టిగా. సార్ "గుడ్" అన్నాడు.

బెల్లు కొట్టాక ఇద్దరం ఇంటికి బయల్దేరాం. కంపెనీ గోడ దగ్గరికి వచ్చాక నేనే అన్నాను.

"నువ్వు మెల్లగ కొడ్తె ఇద్దరికి వడుతున్నయి. రేపటి సంది గట్టిగనే కొట్టు."

"కొడ్తె నీకు నొస్తది గద అక్కా."

"నొవ్వకుంట కొట్టుడు నేర్సుకుందాం."

నేర్చుకున్నాం. బర్రెల కొట్టంలో, ఎవరూ చూడకుండా, ఒకరి ముక్కు ఒకరు పట్టుకుని రకరకాలుగా కొట్టి చూసుకున్నాం. వేళ్లు కలిపి కొడితే మంట. వేళ్లు విడదీసి కొడితే చప్పుడు రాదు. చివరికి దొరికింది. అరచేతిని గిన్నెలా వంచి కొడితే లోపల గాలి పట్టి ఫట్ మని పెద్ద చప్పుడు వస్తుంది, చెంపకు మాత్రం ఏమీ కాదు. ఆ చప్పుడుకు బర్రె బెదిరి తాడు తెంపుకోబోయింది. నానమ్మ లోపలి నుంచి అరిచింది.

"ఏందే లొల్లి కొట్టంల?"

"దోమలే నానమ్మా!"

"దోమలా, డేగలా?"

ఇద్దరం గడ్డిలో పడి నవ్వాం. నోట్లోకి గడ్డి పోయినా నవ్వాం. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని బర్రె మీద ఒట్టు పెట్టుకున్నాం. నాయినకు అసలే చెప్పకూడదు, ఆయన సార్‌కు చెబుతాడు. మర్నాడు క్లాసులో చెల్లె నన్ను కొడితే షెడ్డు మోగింది. సార్ కళ్లు మెరిశాయి. నేను చెంప పట్టుకుని ఏడుపు మొహం పెట్టాను. లోపల నవ్వుతున్నాను. నా బాల్యంలో చెల్లె నాకు చెల్లెగా ఉన్న రోజులు ఏవంటే అవే చెబుతాను.

మా నాయిన డ్యూటీ దిగి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు బిస్కెట్ చూర తెచ్చేవాడు. కంపెనీలో విరిగిన బిస్కెట్లను పొట్లాలు కట్టి బయట అమ్మేవారు. పొట్లం చేతిలో పట్టుకునే అడిగేవాడు.

"ఇయ్యాల ఎవలు కొట్టిన్రు, ఎవలు తిన్నరు?"

"నేను కొట్టిన నాయినా. అక్కకు రాలే" అనేది చెల్లె.

పొట్లం దానికి పోయేది. నేను చెయ్యి చాపితే, "నువ్వు తిననే తింటివి గద బడిల" అని నవ్వేవాడు. అమ్మ కూడా నవ్వేది. నానమ్మ ఒక్కతే నవ్వేది కాదు. "ఆడపొల్లల తోని కోళ్ల పందెం ఏందిరా" అని గొణిగేది, కానీ ఆమె మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. కాసేపయ్యాక చెల్లె కొంగుచాటున దాచినట్టు గౌను అంచులో దాచి సగం చూర నాకు తెచ్చి పెట్టేది. పంచదార, బర్రె వాసన కలిసిన ఆ చూర రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు నాయిన పచ్చిపులుసు కలుపుకుంటూ చెప్పాడు. ఇక్కడ ఏడుతో బడి అయిపోతుంది. ఆ తర్వాత ఉప్పల్‌లో పెద్ద హైస్కూలు.

"ఇద్దరు వోతె బర్లు ఎవలు సూడాలె? మీ అమ్మ మోకాళ్లు వట్టుకపోయినయి. ఒక్కరే వోతరు. ఎవలకు ఇంగ్లీషొస్తె వాళ్లే. ఇది నా మాట."

నాకు ఆ హైస్కూలుకు పోవాలని ఎంత ఉండేదో చెప్పలేను. చదువు మీద ప్రేమ అని గొప్పగా చెప్పను. పేడ తట్ట మోయని పొద్దు ఒకటి కావాలి నాకు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఎవరి ఇంటికీ పాలచెంబు మోయకుండా ఎక్కడికైనా పోవాలి. అది ఒక్కటే దారి అని తెలుసు.

చెల్లెకూ తెలుసు. మర్నాడు వెర్బుల క్లాసులో అది నా ముక్కు పట్టుకున్నప్పుడు నేను నవ్వు ఆపుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అరచెయ్యి గిన్నె కాలేదు. చదునుగా, వేళ్లు బిగించి వచ్చి పడింది. చెవి గుయ్యిమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దారిలో అడిగాను, "గట్లెందుకు కొట్టినవే?"

"మర్సిపోయిన."

ఆ మర్నాడూ అదే. మళ్లీ అడిగితే, "నువ్వు సదువుకోరాదు మరి" అంది. నా వైపు చూడకుండా, సంచి మరో భుజానికి మార్చుకుంటూ అంది. ఆ రోజు నుంచి చూర పంచడం మానేసింది. పుస్తకం తల కింద పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అమ్మకు చెప్తే, "అది సిన్నది, దాని తోని నీకేంది" అంది.

పుస్తకం దాచింది కానీ గోడను దాచలేకపోయింది. దెబ్బ తిన్నవాళ్లు నిలబడే గోడ మీద వెర్బుల చార్టు ఒకటి వేలాడేది. మూడు వరుసలు, ఈగల మరకలు, ఒక మూల చిరుగు. రోజూ బెల్లు దాకా దాని ముందు నిలబడేదాన్ని కదా. చెంప మండుతుంటే కళ్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఒక్కో వరుస చదివేదాన్ని. పొద్దున పాలు పిండుతూ అవే అనుకునేదాన్ని. ఒక ధారకు ఒక మాట. స్పీక్, స్పోక్, స్పోకెన్. స్వెల్, స్వెల్డ్, స్వోలెన్. పాలచెంబు నిండేసరికి ఒక వరుస అయిపోయేది. ఎవరికీ చెప్పలేదు.

మెల్లగా నాకు రావడం మొదలైంది. ఒకరోజు సార్ అడిగిన దానికి నేను లేచి చెప్పాను. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. సార్ సంతోషపడతాడనుకున్నాను. ఆయన నిలబడ్డవాళ్లను చూసి, "పాలమ్మేదానికి కూడ వస్తున్నయి, మీకు సిగ్గు లేదా" అన్నాడు. అయినా సరే, ఆ రోజు నేను గోడ దగ్గర నిలబడలేదు. నాకు అదే పండుగ. వాళ్లందరినీ గిన్నె చెయ్యితోనే కొట్టాను. దెబ్బ తిన్న పిల్లలు నొప్పి లేక నా వైపు ఆశ్చర్యంగా చూశారు. ఎవరూ సార్‌కు చెప్పలేదు.

స్కూలు వార్షికోత్సవం వచ్చింది. రోడ్డు మీదే షామియానా, బల్లలు కలిపి స్టేజీ, అద్దెకు తెచ్చిన మైకు. నాయిన డ్యూటీ నుంచి ఖాకీ బట్టల్లోనే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అమ్మ, నానమ్మ వెనక ఆడవాళ్లలో. డ్యాన్సులయ్యాక సార్ మైకు పట్టుకుని, ఏడో తరగతి పిల్లల ఇంగ్లీషు ఎట్లా ఉందో పెద్దలే చూడాలన్నాడు. మమ్మల్ని వరుసగా నిలబెట్టాడు. రూలు మామూలుదే. రానివాళ్లు దెబ్బ తిని స్టేజీ దిగిపోవాలి. చెంపలు మోగుతుంటే తల్లిదండ్రులు కిందినుంచి నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. తమ పిల్ల తింటే "సదువుమంటె సదువదు" అని పక్కవాళ్లకు చెబుతున్నారు.

చివరికి నేనూ చెల్లే మిగిలాం. నాయిన కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. ఆయన ఏం చూస్తున్నాడో మా ఇద్దరికీ తెలుసు. సార్ నన్ను "షేక్" అడిగాడు. చెప్పాను. వాక్యంలో పెట్టమన్నాడు. పెట్టాను. చెల్లెను "ష్రింక్" అడిగాడు. అది "ష్రింక్" అని ఆగింది. పెదవులు తడుపుకుంది. "ష్రింక్... ష్రింక్డ్..." అంది. సార్ నా వైపు తిరిగాడు.

"ష్రింక్, ష్రాంక్, ష్రంక్" అన్నాను. గోడ మీద చిరుగు పక్కన ఉండేది ఆ మాట. నాకు చార్టు మొత్తం కళ్ల ముందు కనిపిస్తోంది.

"వెరీ గుడ్. ఇగ కానియ్యి" అన్నాడు సార్.

గెలిచాను. నాకు హైస్కూలు కనబడింది, బస్సు కిటికీ కనబడింది. చెల్లె ముక్కు పట్టుకున్నాను. దాని కళ్లలో భయం. "అక్కా, మెల్లగ" అంది, పెదవి కదలకుండా. ఇన్ని రోజులూ అది నన్ను చదును చేత్తో కొట్టిన దెబ్బలన్నీ నా చెంపలో ఉన్నాయి. అయినా నా చెయ్యి గిన్నెలా వంగింది. కొట్టంలో ఇద్దరం నేర్చుకున్నట్టే కొట్టాను.

మైకు మా పక్కనే ఉంది. ఆ చప్పుడు షామియానా రెండు చివర్ల ఉన్న లౌడ్‌స్పీకర్లలోంచి బయటికి వచ్చింది. జనం "అయ్యో" అన్నారు. ఒక పసిపిల్ల ఎక్కడో గుక్కపెట్టింది. చెల్లె మాత్రం కదలకుండా నిలబడింది. దానికి ఏమీ కాలేదు, కాలేదని దానికి తెలుసు. నా వైపు చూసింది. తర్వాత నాయిన వైపు చూసింది. నాయిన అప్పటికే కుర్చీలోంచి లేచాడు. అది చూశాక, అప్పుడు, రెండు చేతులతో చెంప పట్టుకుని బావురుమంది.

నాయిన బల్ల ఎక్కి వచ్చాడు. నా ముక్కు ఆయన పట్టుకోలేదు. కొట్టిన దెబ్బకు నేను సార్ కాళ్ల దగ్గర పడ్డాను.

"పసిదాన్ని గట్ల కొడ్తవా? నువ్వు మనిషివా, రాక్షసివా?"

"నొవ్వలే నాయినా! దానికి నొవ్వలే, అడుగు దాన్ని!"

ఆయన నిజంగానే అడిగాడు. వంగి, దాని గడ్డం పట్టుకుని, "నొచ్చిందా బిడ్డా?" అన్నాడు.

చెల్లె అవునని తల ఊపింది.

సార్ మైకులో, "పిల్లలన్నంక ఇట్లాంటివి ఉంటయి" అని చెప్పి తర్వాతి డ్యాన్సు పిలిచాడు.

ఆ సాయంత్రం ఇంటికి చేరాం. చెల్లెకు నానమ్మ పసుపు రాయబోయి, చెంప ఇటు తిప్పి అటు తిప్పి చూసి, గిన్నె పక్కన పెట్టేసింది. రాయడానికి అక్కడ ఏమీ లేదు. నా మొహం చూసి అదే పసుపు నాకు రాసింది. నేను ధైర్యం చేసి నాయినను అడిగాను.

"నాకే వచ్చినయి గద నాయినా. ఎవలకొస్తె వాళ్లే అంటివి."

"ఇంగ్లీషొస్తె సాలదు. గుణం ఉండాలె. సొంత సెల్లె మీద దయలేనిదానికి సదువెందుకు? నీ సెయ్యి పనికి మంచిగ వనికొస్తది, కంపెనీల వేస్త."

"అది నన్ను రోజు కొట్టింది. గప్పుడు నువ్వు నవ్వినవు."

"అది సిన్నది. నువ్వు పెద్దదానివి, ఓర్సుకోవాలె" అన్నాడు. అమ్మ కూడా అదే మాట అంది, దీపం వత్తి సరిచేస్తూ. చెల్లె గోడకు ఆనుకుని చూర తింటోంది. ఆ రోజు పొట్లం కొంచెం పెద్దది.

బడి అయిపోగానే నన్ను అట్టపెట్టెలు మడిచే ఒక షెడ్డులో వేశారు. పొద్దున బర్రెలు, పగలు పెట్టెలు. అట్ట అంచులకు వేళ్లు కోసుకుపోయి, అన్నంలో కారం కలిపితే మండేవి. షెడ్డు ముందునుంచే ఉప్పల్ బస్సు పోయేది. నీలం గౌనులో చెల్లె కిటికీ పక్కన కూర్చునేది. మొదట్లో చెయ్యి ఊపేది. తర్వాత పక్కన స్నేహితులు కూర్చోవడం మొదలయ్యాక అటువైపు తిరిగి మాట్లాడుతూ పోయేది. నేను పెట్టె మడుస్తూ చూసేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని.

నాయిన పోయాడు. నానమ్మ, అమ్మ పోయారు. బర్రెల కొట్టం ఉన్నచోట పెద్ద గోదాము లేచింది. సార్ ఏమయ్యాడో తెలియదు, తెలుసుకోవాలని లేదు. చెల్లె చదివింది, ఇంగ్లీషు టీచరయింది, పోయిన ఏడు ఉప్పల్‌లో ఒక స్కూలుకు ప్రిన్సిపాల్ అయింది. ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. కారు పంపి నన్ను పిలిపించింది. పట్టుచీర పెట్టింది. దాని పిల్లలు "పెద్దమ్మా" అని ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఇవన్నీ అది ప్రేమతోనే చేసింది, అందులో అనుమానం లేదు.

మాట్లాడటానికి లేచి, నన్ను స్టేజీ మీదికి పిలిచింది. నా భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఈమె మా అక్క. నేనియ్యాల ఇక్కడ నిలవడ్డనంటె ఈమెనే కారణం. సిన్నప్పుడు స్టేజి మీద ఒక్క వెర్బు తప్పు చెప్పినందుకు, అందరి ముందట, ఇగో ఈ చెయ్యితోని నా చెంప వగలగొట్టింది. ఆ దెబ్బ నాకు ఇప్పటికి యాదికుంది. మళ్ల నేను జీవితంల వెర్బు తప్పు చెప్పలే."

హాలంతా చప్పట్లు. నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. ఫోటోలు తీశారు. నేను దాని కళ్లలోకి చూశాను. అబద్ధం ఎక్కడైనా కదులుతుందేమోనని వెతికాను. లేదు. కళ్లలో నిజంగా నీళ్లున్నాయి. ఆ రోజు తల ఊపిన ఊపును ఇన్నేళ్లలో అది నమ్మేసింది. కొట్టం, గడ్డిలో నవ్విన నవ్వు, గిన్నె చెయ్యి, ఆ తర్వాత నెలల తరబడి నా చెంప మీద పడ్డ చదును చెయ్యి, ఏదీ దానికి లేదు. పూర్తిగా పోయింది. అబద్ధమాడి ఉంటే తిట్టేదాన్ని. మరిచిపోయినదాన్ని ఏమని తిట్టాలి?

భోజనాల దగ్గర టీచర్లు వచ్చి నా చుట్టూ మూగారు. "అమ్మా, మా పిల్లలకు కూడ మీ చేతి దెబ్బ ఒకటి వడితె బాగుపడుదురు" అని ఒకామె నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెల్లె నా విస్తట్లో ఇంకో స్వీటు వేసి, "తిను అక్కా" అంది.

ఆ దెబ్బ నొవ్వలేదని తెలిసిన మనిషిని ఇప్పుడు భూమి మీద నేనొక్కదాన్నే. చెప్పినా ఎవరూ నమ్మరు, చెప్పను కూడా. చదువు పోయినందుకు బాధ లేదంటే అది అబద్ధం, ఉంది. నాయిన మాట తప్పినందుకు ఉంది. కానీ ఆ హాల్లోంచి ఇంటికి వస్తూ కారులో నాకు కలిగిన బాధ వేరే. ఎట్లాగూ కొట్టినదాన్ని అయ్యాను. రాక్షసినీ అయ్యాను. ఆ రోజు చెయ్యి చదునుగా పెట్టి, వేళ్లు బిగించి, బలం కొద్దీ ఒక్కటి కొట్టి ఉండాల్సింది.